విద్యుత్తు దారులు గీచిన తెలుగు వనిత

పొద్దు గ్రుంకగానే మీట నొక్కి దీపము వెలిగించుకొనుట నేడు ఉదయగిరి మెట్టపల్లెలలోగాని ఆత్మకూరు వీథులలోగాని వింత కాదు. ఆ విద్యుత్తు ఏ తీగల వెంట వచ్చుచున్నదో, ఆ తీగల దారి నెవరు గీచిరో మన మంతగా తలపోయము. అట్టి దారులు గీచుటయే వృత్తిగా జేసికొనిన తెలుగు వనిత అయ్యలసోమయాజుల లలిత. భారతదేశమున ఇంజనీరింగు పట్టము నందిన తొలి స్త్రీలలో నామె యొకతె.

లలిత 1919 ఆగస్టు 27వ తేదీన మదరాసులో జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యులు. చదువుకొనిన యిల్లే యైనను ఆచారము దాటరానిదయ్యెను. 1934లో, 15 ఏండ్ల ప్రాయమున, ఆమెకు వివాహము చేసిరి. 1937లో భర్త గతించెను. అప్పటి కామెకు 18 ఏండ్లు. చంకలో నాలుగు నెలల ఆడుశిశువు. ఆ కాలపు తెలుగింట బాలవితంతువునకు మిగులునది వంటయింటి మూల యని శ్రోతలకు వేరుగ జెప్ప నక్కరలేదు.

ఆమె యా మూలకు బోలేదు. క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియెటు ప్రథమశ్రేణిలో ముగించెను. ఇక మీదట నేమి చదువవలెను? వైద్యవిద్య ఆడువారికి అప్పటికే తెరచిన త్రోవ. కాని నడిరేయి పిలుపు వచ్చినచో బిడ్డను విడిచి పోవలసిన వృత్తి తనకు వల దనుకొనెను. ఇంజనీరింగు నెన్నుకొనుటకు గారణ మిది. నాకు దోచినంతవరకు ఆమె కథ యంతటను మిక్కిలి గమనింపదగినది ఈ తల్లి లెక్కయే.

కళాశాలాధ్యక్షులు కె. సి. చాకోగారిని తండ్రి యొప్పించిరి. విద్యాశాఖ డైరెక్టరు స్టాథాముగారు అనుమతించిరి. కళాశాల నిండ మగపిల్లలు, ఆడుపిల్ల యొక్కతె. ఆ యొంటరితనము చూడజాలక, స్త్రీలను జేర్చుకొందుమని కళాశాలచేత ప్రకటన చేయించిన వారును ఆ తండ్రియే. లీలమ్మ జార్జి, పి. కె. త్రేసియా సివిల్ శాఖలో జేరిరి. యుద్ధమువలన చదువుకాలము కుదింపబడుటచే, వెనుక జేరినను వారిద్దరును లలితతో గలసియే 1943లో చదువు ముగించిరి. పట్టములపై ‘అతడు’ అను అర్థముగల ఆంగ్లపదము ముందే అచ్చై యుండెను! దానిని గొట్టివేసి ‘ఆమె’ యని చేతితో వ్రాసి యిచ్చిరి.

జమాల్‌పూరు రైల్వే కర్మశాలలో ఏడాది శిక్షణ, సిమ్లాలో ప్రభుత్వ ప్రమాణసంస్థలో కొలువు, తండ్రి పరిశోధనలకు కొంతకాలము తోడ్పాటు, ఇవి యయిన పిమ్మట 1948లో కలకత్తా యందలి అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసు కంపెనీలో బ్రవేశించెను. అచట సోదరుని కుటుంబ ముండుటచే బిడ్డకు నీడ దొరకెను. ప్రసారమార్గముల రూపకల్పన, ఉపకేంద్రముల యమరిక ఆమె పని. సోమశిలవద్ద పెన్నకు గట్టిన యానకట్టను జూచిన ఆత్మకూరువారికి, సట్లెజ్ నదిపై భాక్రా నంగల్ వంటి మహానిర్మాణమునకు ఎందరి లెక్కలు, ఎన్ని గీతలు కావలెనో ఊహ కందును. ఆ భాక్రా విద్యుజ్జనక యంత్రముల పనిలో లలిత పాలు గలదు.

లండనులోని విద్యుదింజనీర్ల సంస్థ 1953లో ఆమెను సహసభ్యురాలిగను, 1966లో పూర్ణసభ్యురాలిగను గైకొనెను. 1964 జూనులో న్యూయార్కున మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమాంతర్జాతీయ సమావేశము జరిగెను. మన దేశమున అట్టి సంఘమే లేదు గనుక ఎవరి ప్రతినిధియు గాకయే ఆమె దానికి వెళ్లివచ్చెను.

1977లో ఉద్యోగము విరమించెను. విశ్రాంతి రెండేండ్లే దక్కినది. 1979 అక్టోబరు 12వ తేదీన, 60 ఏండ్ల వయస్సున, ఆమె కన్నుమూసెను.