కోడ్‌లోనే ఉండిపోయిన 50 వేల టన్నుల అయస్కాంతం

ఈరోజు మైపాడు బీచ్ నుంచి మాట్లాడుతున్నా. మీ ఫోన్‌ని ఒక్క నిమిషం అరచేతిలో పడుకోబెట్టండి. ఆ నిమిషంలో సుమారు 100 మ్యూయాన్లు దాని గుండా దూసుకుపోతాయి. కాస్మిక్ కిరణాలు పైన గాలిని ఢీకొంటే పుట్టే కణాలివి. సముద్ర మట్టంలో చదరపు సెంటీమీటరుకి నిమిషానికి ఒకటి చొప్పున పడుతూనే ఉంటాయి.

ఆ ఢీకొట్టడంలోనే న్యూట్రినోలు కూడా పుడతాయి. వాటిని పట్టుకోవాలంటే ఈ మ్యూయాన్ల గోల లేని చోటు కావాలి. అందుకే మన చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే కోలార్ బంగారు గనుల్లోకి దిగారు. తెలుగువాళ్లు, తమిళులు ఎంతోమంది చెమటోడ్చిన గనులవి. 1965లో అక్కడ 2.3 కిలోమీటర్ల లోతున టాటా ఇన్‌స్టిట్యూట్, ఒసాకా, డర్హమ్ శాస్త్రవేత్తలకి వాతావరణ న్యూట్రినో జాడ దొరికింది. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకో టీమ్‌కీ దొరికింది. ప్రపంచంలో ఇవే మొదటివి.

2001లో కోలార్ గని మూతపడింది. తర్వాత తమిళనాడులోని తేని జిల్లా కొండల కింద ఐఎన్ఓ అనే కొత్త ల్యాబ్ ప్లాన్ చేశారు. అందులో ఐకాల్ డిటెక్టర్: 50 వేల టన్నుల ఇనుము, 5.6 సెంటీమీటర్ల మందం పలకలు ఒకదానిపై ఒకటి 151 వరసలు, చుట్టూ రాగి కాయిల్స్. మొత్తం కలిపి ఒకే పెద్ద అయస్కాంతం.

అయస్కాంతం ఎందుకంటారా? న్యూట్రినో ఢీకొంటే నెగెటివ్ మ్యూయాన్, యాంటీన్యూట్రినో ఢీకొంటే పాజిటివ్ మ్యూయాన్ వస్తుంది. అయస్కాంత క్షేత్రంలో ఒకటి ఇటు, ఇంకొకటి అటు వంగుతుంది. ఆ వంపు చూసే ఏది వచ్చిందో చెప్పాలి.

కట్టకముందే దీన్ని జియాంట్4లో సిమ్యులేట్ చేశారు. 1998లో విడుదలైన సీ ప్లస్ ప్లస్ సాఫ్ట్‌వేర్ అది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాయిల్స్ మధ్య భాగంలో క్షేత్రం సుమారు 1.5 టెస్లా, ఒకే దిశలో ఉంటుంది. కాయిల్స్ దాటి పక్కకి వెళ్తే దిశ తిరగబడుతుంది, బలం కూడా తగ్గుతుంది. అంచుల్లో అయితే చోటుని బట్టి మారిపోతుంది. "అంతటా ఒకటే క్షేత్రం" అని ఒక్క లైన్ రాసేస్తే కోడ్ రన్ అవుతుంది, ఎర్రర్ కూడా రాదు. కానీ పక్క భాగంలో పడ్డ ప్రతి న్యూట్రినో యాంటీన్యూట్రినోలా కనిపిస్తుంది! అందుకే క్షేత్రాన్ని 5 సెంటీమీటర్లకో పాయింట్ చొప్పున లెక్కగట్టి, మ్యాప్‌గా కోడ్‌కి ఇచ్చారు. పలకల మధ్య 4 సెంటీమీటర్ల ఖాళీలో సున్నా పెట్టారు.

2015లో కేంద్ర కేబినెట్ సుమారు 1,500 కోట్లతో ఓకే చెప్పింది. కానీ స్థానికుల నిరసనలు, కోర్టు కేసులు, రాష్ట్ర ప్రభుత్వ అభ్యంతరాల మధ్య ఆ పని ఆగింది. మదురైలో మాత్రం 11 వరసల, 85 టన్నుల మినీ ఐకాల్ కట్టి, నిజం క్షేత్రాన్ని కొలిచి సిమ్యులేషన్‌తో పోల్చి చూశారు.

పెద్దది ఎప్పుడు కట్టినా, ఎక్కడ కట్టినా ముందు అడిగే ప్రశ్న అదే: మ్యాప్‌లో గీసిన క్షేత్రం, ఇనుములో ఉన్న క్షేత్రం ఒకటేనా? మీరు రాసే కోడ్‌లోనూ ఎర్రర్ రాలేదంటే జవాబు కరెక్ట్ అని అనుకోకండి.