ఉద్దానతీరనామవిచారము

ఒక దేశమునకుఁ గ్రొత్తగా వచ్చినవాఁడు మొదట నేర్వవలసినవి యచ్చటి పేరులు. పేరు తెలియనివానికి దారి యడుగుటయుఁ జేతఁగాదు. 1890ల యందుఁ దూర్పుతీరపు రైలుమార్గము వేయఁబడినప్పటినుండి శ్రీకాకుళమండలపు టుత్తరభాగమునకు పలాస వాకిలి యైనది. అచ్చట బండి దిగి మందస, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతములఁ దిరుగువారు ఎండను, ఇసుకను, కొబ్బరితోఁటలను మెచ్చుకొని మఱలిపోవుదురు. ఈ తీరమును గుఱించి పూర్వులును బరదేశీయులును ఏమి వ్రాసిరో, ఇచ్చటి జనులు తమ నేలకుఁ దా మేమి పేరులు పెట్టుకొనిరో సరిపోల్చి చూచుట యీ వ్యాసమున కుద్దేశము.

కళింగశబ్దము పాణినికిఁ దెలియును. అష్టాధ్యాయి నాలుగవ యధ్యాయపుఁ బ్రథమపాదమున మగధశబ్దముతోపాటు కళింగశబ్దముమీఁదను అణ్‌ప్రత్యయమును విధించి కాళింగరూపమును సాధించినాఁడు. రూపము సిద్ధించినది కాని నేల యెట్టిదో తెలియలేదు. ఆ కొఱఁతను గాళిదాసు తీర్చెను. రఘువంశము నాలుగవ సర్గమున మహేంద్రగిరిప్రాంతమును జయించిన రఘుసైనికులు తమలపాకులతో నారికేళాసవమును ద్రావినట్లు చెప్పఁబడినది. ఆఱవ సర్గమున కళింగరాజగు హేమాంగదుని మేల్కొల్పునది సముద్రఘోషమే. తాళీవనములు మర్మరధ్వని చేయు నా తీరమున, ద్వీపాంతరములనుండి లవంగపుష్పములను దెచ్చు గాలులు చెమట నార్చునని కవి వర్ణించెను. కొబ్బరి, తాడి, ఎండ, సముద్రపుగాలి యను నీ నాలుగును నేఁటికి నచ్చట నున్నవి. ద్వీపాంతరముల ప్రసక్తినిబట్టి యీ తీరమునకు నౌకలు వచ్చిపోవుచుండుట కవి యెఱుఁగునని యూహింపవచ్చును.

క్రీ. శ. 7వ శతాబ్దమున వచ్చిన చీనాయాత్రికుఁడు హ్యూయన్‌త్సాంగు కవివలెఁ గాక చూచినది చూచినట్లు వ్రాయఁబూనినవాఁడు. కళింగమున నెండ మిక్కుటమనియు, అడవులు దట్టమనియు, నల్లని యేనుఁగులు పుట్టుననియు, జనులు మోటువా రైనను మాట తప్పరనియు నతఁడు వ్రాసెను. ఇచ్చటి మాటలును ధ్వనులును మధ్యదేశపువానికంటె వేఱని కూడఁ జెప్పెను. ఆ భాష పేరు చెప్పలేదు. కాఁబట్టి యది మన తెలుఁగే యని వాదించుట సాహసము. అయినను, నేల నెఱుఁగఁగోరినవాఁడు జనుల నాలుకను గనిపెట్టవలెనని యాతఁడు గ్రహించుట గమనింపఁదగినది.

అంతకుఁ బూర్వము, 2వ శతాబ్దమున, యవనభౌగోళికుఁడు టాలెమీ ఈ తూర్పుతీరమునఁ ‘బలూర’ యను పట్టణమును బేర్కొని, సువర్ణభూమికిఁ బోవు నౌకలు తీరమును విడుచు తావు దానికి సమీపముననే కలదనెను. 1925లో ఫ్రెంచిపండితుఁడు సిల్వేన్‌ లెవీ ఈ పలూర బౌద్ధగ్రంథములలోని కళింగరాజధాని దంతపురమే యనియు, ‘పల్‌’ అనఁగా దంతము, ‘ఊరు’ అనఁగాఁ బురము కాఁబట్టి యొకటి రెండవదానికి భాషాంతరీకరణ మనియు వాదించెను. దాఠావంశము ననుసరించి హేమమాలయు దంతకుమారుఁడును బుద్ధుని దంతధాతువును సింహళమునకుఁ గొనిపోయినది యీ దంతపురమునుండియే.

దీనికి మనవా రొక యాక్షేపము చెప్పవచ్చును: తెలుఁగున దంతము ‘పన్ను’ గదా, ‘పల్‌’ ఎక్కడిది? సమాధానము మన యిండ్లలోనే యున్నది. పలువరుస, పలుదోముపుల్ల యనునపుడు సమాసమునందా ప్రాఁతరూపము నిలిచియున్నది. కావున లెవీ చెప్పిన వ్యుత్పత్తికి అఱవమువఱకుఁ బోవలసిన పనిలేదు. అయినను, పొసఁగినంతమాత్రమున నిజము కాదు. చిలుక సరస్సునొద్ద పాలూరు కలదు. అందు మొదటి యచ్చు దీర్ఘము, యవనలిపి యచ్చట హ్రస్వదీర్ఘభేదమును జూపదు. ఆమదాలవలసప్రాంతమున దంతవరపుకోటయుఁ గలదు. వ్యాకరణము తలుపు తెఱచును గాని, లోపలఁ బ్రవేశింపవలసినవి శాసనములును ద్రవ్వకములును. వంశధారాతీరమున శాలిహుండపు బౌద్ధావశేషములను 1919లో వెలికిఁ దెచ్చిన గిడుగు రామమూర్తిగారు భాషావిషయమున మావంటివారితో నెంత కలహించినను, ఈ విషయమున మాకు గురువులే.

ఇఁక ‘ఉద్దానము’. ఇది ఉద్యానశబ్దభవ మని యందఱు నందురు. ప్రాకృతమున ద్యకారము జ్జకార మగును. విద్య విజ్జ యైనట్లు ఉద్యానము ఉజ్జాణ మగును. అట్లయిన ఉద్దానమున ద్దకార మెట్లు వచ్చెను? విద్య విద్దె యగుట, పద్యము పద్దె మగుట మన తెలుఁగు నడక. ఉద్దానమును ఆ జాడలోనిదే. అనఁగా నీ పేరు ప్రాకృతమునుండి దిగినది గాదు. తోఁట వేసిన తెలుఁగువారి నోటఁ బుట్టినది. ‘పలాస’ పేరు పలాశవృక్షమునుండి వచ్చినదనుట పొసఁగును. ఆశ ఆస యైనట్లే యిదియు. కాని యోఢ్రులును శకారమును సకారముగానే పలుకుదురు. 1936 ఏప్రిలు 1వ తేదిని ఒరిస్సారాష్ట్ర మేర్పడఁగాఁ బర్లాకిమిడి యటు చేరెను, టెక్కలి యిటు నిలిచెను. గీఁత నేలను బంచెను గాని నాలుకలను బంచలేదు. కావున నీ పేరు ఎవరి సొమ్మని తగవులాడుట వ్యర్థము.

క్రొత్తవానికిఁ బేరు పెట్టుటలో నీ దేశీయుల నేర్పు జీడిమామిడివలనఁ దెలియును. ఆ చెట్టు బ్రెజిలుదేశమున పుట్టి, పోర్చుగీసువారివలన మనకు వచ్చినది. దాని పిక్కతొక్కలోని నూనె, చాకలివారు గుఱుతులు పెట్టు నల్లజీడి రసమువలెఁ జర్మమును గాల్చును. పండు మామిడిని దలఁపించును. మనవారు రెండు తెలిసిన పేరులను జోడించి తెలియనిదానిని దమదానిఁగాఁ జేసికొనిరి. ఆ మూఁడు చెట్లు నొకే కుటుంబమున కెక్కునని వృక్షశాస్త్రము చెప్పుచున్నది. నేఁడు పలాస-కాశీబుగ్గల కర్మాగారములలో ఆ పిక్కలను గొట్టి పప్పు తీయువారిలోఁ బెక్కండ్రు స్త్రీలు.

పేరుల విచారము తీరికగలవారి వినోదమని తలంపరాదు. సోంపేటయొద్దఁ జిత్తడినేలలను జనులు ‘బీల’ యందురు. అందు వరి పండింతురు, చేఁపలు పట్టుదురు, పసుల మేపుదురు. ఉష్ణవిద్యుత్కేంద్రమునకై ఆ నేల నీయఁబూనినపుడు కాగితములందది పనికిమాలిన భూమి. 2010 జూలై 14వ తేదిని అచ్చటి కాల్పులలో నిద్దఱు మరణించిరి. కేంద్రమునకిచ్చిన పర్యావరణానుమతి రద్దయ్యెను. ‘బీల’ యను మాట కర్థము తెలిసికొనియుండిన నా కాగిత మట్లు వ్రాయఁబడియుండునా?

ఉద్యానమను పేరును జూచి మురియువాఁడు మఱి రెండు సంగతులను గూడ నెఱుఁగవలెను. 2018 అక్టోబరు 11వ తేదిని తిత్లీ తుపాను పలాసకు సమీపమునఁ దీరము దాఁటి, ఏండ్లు పెంచిన కొబ్బరిచెట్లను గూల్చెను. దశాబ్దములుగా నచ్చటి కృషీవలులను మూత్రపిండవ్యాధి పీడించుచున్నది. దాని మూలకారణ మింకను నిశ్చయింపఁబడలేదు. 2023 డిసెంబరునఁ బలాసలో వైద్యశాలయు, హిరమండలమునుండి త్రాగునీటి పథకమును బ్రారంభింపఁబడినవి.

చెట్టు కూలినపుడు తోఁట పేరును, పెద్దలు పోయినపుడు చేని పేరును మాసిపోవును. ఆ ప్రాంతీయులైన చదువరులు తమ గ్రామములలోని చేలకు, గెడ్డలకు, చెఱువులకుఁ గల పేరులను వృద్ధులనడిగి, వారు పలికిన ధ్వనిని దిద్దక, ఉన్నదున్నట్లుగా వ్రాసి పంపుదురు గాక. వ్యుత్పత్తులు చెప్పుటకుఁ దరువాత పండితులు చాలమంది దొరకుదురు. పేరులు చెప్పువారు దొరకరు.