పెద్దల బంగ్లాల దగ్గర బ్యాంకులు ఎందుకు ఆగిపోతాయి? అదే నోటీసు మీ ఇంటికి వస్తే ఏం చేయాలి?

మూడు ఈఎంఐలు తప్పితే చాలు. మొదట ఫోన్లు, తర్వాత రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, కొన్నాళ్లకు ఫ్లాట్ తలుపు మీద అంటించిన కాగితం, పేపర్లో మీ పేరు. అదే వందల కోట్లు బాకీ పడిన వ్యాపారి బంగ్లా అయితే కోర్టు వాయిదాలతోనే ఏళ్లు గడిచిపోతాయి. అలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ "మాకో చట్టం, వాళ్లకో చట్టమా?" అని జనం మండిపడతారు.

నిజానికి చట్టం ఒక్కటే. మీ ఫ్లాటుకు వర్తించే సెక్షన్లే ఆ బంగ్లాకూ వర్తిస్తాయి. తేడా అంతా గడువుల్లో ఉంది. వాటిని ఎవరు వాడుకుంటున్నారు, ఎవరు వదిలేసుకుంటున్నారు అన్నది చూస్తే ఈ కోపానికి కారణం సగం అర్థమవుతుంది.

గోవా విల్లా కథ

అందరికీ తెలిసిన ఉదాహరణ విజయ్ మాల్యాదే. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ విమానాలు 2012 అక్టోబరులో ఆగిపోయాయి. గోవాలోని కాండోలిమ్‌లో ఉన్న కింగ్‌ఫిషర్ విల్లా తాళాలు మాత్రం ఎస్‌బీఐ నాయకత్వంలోని బ్యాంకుల చేతికి వచ్చింది 2016 మేలో. అంటే మూడున్నరేళ్లు.

తాళాలు వచ్చినా కొనేవాళ్లు రాలేదు. తొలి వేలంలో రిజర్వు ధర రూ.85.29 కోట్లు. తర్వాత రూ.81 కోట్లకు, ఆపై రూ.73 కోట్లకు తగ్గించారు. మూడుసార్లూ ఫలితం లేదు. చివరికి 2017 ఏప్రిల్‌లో నటుడు, వ్యాపారి సచిన్ జోషి రూ.73 కోట్లకు కాస్త పైన చెల్లించి నేరుగా బేరంలో కొన్నారు. మన తెలుగు సినిమాల్లోనూ నటించిన ఆయనే.

ముంబయిలోని కింగ్‌ఫిషర్ హౌస్‌ది ఇంకా పొడవైన కథ. అది ఇల్లు కాదు, ఆఫీసు. 2016 మార్చిలో రూ.150 కోట్లకు వేలానికి పెడితే, పలుమార్లు ధర తగ్గించాక 2021లో హైదరాబాద్‌కు చెందిన ఒక రియల్ ఎస్టేట్ సంస్థకు రూ.52.25 కోట్లకు అమ్ముడుపోయింది. మొదట అడిగిన ధరలో మూడో వంతుకు కొంచెం ఎక్కువ.

ఇదంతా మన దేశపు జాడ్యమే అనుకుంటే పొరపాటు. లండన్ రీజెంట్స్ పార్క్ పక్కన మాల్యా కుటుంబం ఉంటున్న ఇంటి మీద స్విస్ బ్యాంకు యూబీఎస్ 2.04 కోట్ల పౌండ్ల అప్పు ఇచ్చింది. ఆ అప్పు గడువు 2017 మార్చిలో తీరిపోయింది. ఇల్లు ఒక కంపెనీ పేరు మీద ఉంది, ఇంట్లో ఉంటున్నది కుటుంబం. 2019లో రాజీ కుదిరి 2020 ఏప్రిల్ 30 దాకా సమయం ఇచ్చారు. అంతలో కొవిడ్ వచ్చింది, ఇళ్లు ఖాళీ చేయించడం మీద ఆంక్షలు వచ్చాయి. బ్యాంకు స్వాధీనం చేసుకోకుండా ఆపాలన్న మాల్యా అభ్యర్థనను అక్కడి హైకోర్టు తోసిపుచ్చేసరికి 2022 జనవరి వచ్చేసింది.

మరోపక్క మాల్యా వాదన కూడా చెప్పుకోవాలి. తాను కట్టాల్సిన దానికన్నా బ్యాంకులు ఎక్కువే రాబట్టుకున్నాయని ఆయన అంటున్నారు. ఆయన ఆస్తుల నుంచి రూ.14,131.6 కోట్లు బ్యాంకులకు తిరిగి చేరాయని 2024 డిసెంబరులో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ లోక్‌సభలో చెప్పారు.

చట్టం ఏం చెబుతోంది?

కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకునే అధికారం బ్యాంకులకు ఇచ్చింది 2002 నాటి సర్ఫేసీ చట్టం. 90 రోజులు వాయిదాలు కట్టకపోతే అప్పును మొండి బాకీగా, అంటే ఎన్‌పీఏగా గుర్తిస్తారు. అప్పుడు సెక్షన్ 13(2) కింద 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. అప్పటికీ కట్టకపోతే 13(4) కింద స్వాధీన నోటీసు. చాలాసార్లు ఇది కాగితం మీది స్వాధీనమే, మీరు ఇంట్లోనే ఉంటారు. మనుషులను బయటకు పంపి తాళం వేయాలంటే బ్యాంకు చీఫ్ మేజిస్ట్రేట్ దగ్గరకో, కలెక్టర్ దగ్గరకో సెక్షన్ 14 కింద వెళ్తుంది. వాళ్లు 30 రోజుల్లో, మహా అయితే 60 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తర్వాత పోలీసులను వెంటబెట్టుకుని వస్తారు.

గడువులన్నీ కలిపి లెక్కేస్తే ఏడాది లోపే పని అయిపోవాలి. సామాన్యుల ఇళ్ల విషయంలో చాలావరకు అలాగే అవుతుంది కూడా. ఎందుకంటే మధ్యలో అడ్డుచెప్పేవాళ్లు ఉండరు.

మరి పెద్దలకు సమయం ఎక్కడ దొరుకుతుంది?

మొదటిది, ఇల్లు ఎవరిది అన్న ప్రశ్న దగ్గర. మీ ఫ్లాటు మీ పేరు మీదో, భార్యాభర్తలిద్దరి పేరు మీదో ఉంటుంది. పెద్దల ఇల్లు కంపెనీదో, ట్రస్టుదో అవుతుంది. అందులో ఒకరు అద్దెకు ఉంటున్నామంటారు. ఇంకొకరు వారసత్వ వాటా ఉందంటారు. ఒక్కో పేరు మీద ఒక్కో పిటిషన్. ఒకటి కొట్టేసేలోపు ఇంకొకటి వస్తుంది.

అద్దె వాదన మరీ పాతది. 13(2) నోటీసు అందాక బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా ఆ ఇంటిని అమ్మకూడదు, లీజుకు ఇవ్వకూడదు. అందుకే వెనకటి తేదీల ఒప్పందాలు బయటికొస్తాయి. ఏడాదికి మించిన అద్దె అయితే రిజిస్టరైన పత్రం ఉండాల్సిందేనని, నోటిమాట అద్దెకు ఏడాదికి మించి రక్షణ దొరకదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. (మీరు నిజంగా అద్దెకుంటున్న ఇంటి యజమాని అప్పు ఎగ్గొడితే భయపడకండి. సరైన ఒప్పందం ఉంటే మీరు కూడా ట్రైబ్యునల్‌కు వెళ్లొచ్చు.)

ఫామ్‌హౌస్‌ల దగ్గర ఇంకో వాదన వినిపిస్తుంది. వ్యవసాయ భూమికి సర్ఫేసీ చట్టం వర్తించదు కాబట్టి "ఇది సాగు భూమి" అంటారు. తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్లిన ఒక కేసులో 2023 జనవరిలో సుప్రీంకోర్టు దీనికి జవాబిచ్చింది. రెవెన్యూ రికార్డులో వ్యవసాయ భూమి అని రాసి ఉంటే సరిపోదు, నిజంగా సాగవుతోందని అప్పు తీసుకున్నవాళ్లే రుజువు చేయాలంది.

ఇక ట్రైబ్యునళ్ల సంగతి. బ్యాంకు చర్య మీద డెట్ రికవరీ ట్రైబ్యునల్, అంటే డీఆర్‌టీకి వెళ్లొచ్చు. అది 60 రోజుల్లో, ఎంత ఆలస్యమైనా నాలుగు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. చాలా కేసులు ఆ గడువు దాటిపోతాయి. అక్కడ ఓడితే అప్పీలు ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. తెలుగు రాష్ట్రాల వాళ్లకు అది కోల్‌కతాలో ఉంది. పైగా బాకీలో సగం ముందే డిపాజిట్ చేయాలి, ట్రైబ్యునల్ దయతలిస్తే పావు వంతు. 30 లక్షల బాకీ ఉన్న మనిషి కనీసం ఏడున్నర లక్షలు కట్టి, లాయర్‌ను పెట్టుకుని కోల్‌కతా వెళ్లాలి. ఈఎంఐ కట్టలేకే కదా ఇంతదూరం వచ్చింది! సామాన్యుడు ఆగిపోయేది ఇక్కడే. డబ్బున్నవాళ్లు డిపాజిట్ కట్టేస్తారు, లేదా రిట్ పిటిషన్‌తో హైకోర్టుకు వెళ్తారు. ఈ కేసుల్లో హైకోర్టులు మామూలుగా జోక్యం చేసుకోకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పినా పిటిషన్లు పడుతూనే ఉన్నాయి.

డీఆర్‌టీ ఫీజు పట్టిక కూడా ఒకసారి చూడండి. పది లక్షల బాకీకి 5,000 రూపాయలు, ఆపైన ప్రతి లక్షకు 250. 30 లక్షల బాకీ ఉన్నవాళ్లకు ఇది 10,000 అవుతుంది. గరిష్ఠ ఫీజు లక్ష రూపాయలే. బాకీ నాలుగు కోట్లయినా, నాలుగు వందల కోట్లయినా అంతే.

నోటీసు మీకే వస్తే?

మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఒక్కటే. నోటీసును బీరువాలో పెట్టేసి, బ్రాంచి మేనేజర్‌ను బతిమాలుకుంటూ తిరగడం. మేనేజర్ "చూద్దాంలెండి" అన్నంత మాత్రాన గడువు ఆగదు.

60 రోజుల నోటీసు అందగానే మీ అభ్యంతరాలు రాతపూర్వకంగా పంపండి. దీనికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. లెక్క తప్పైతే ఏ నెలది తప్పో రాయండి. ఉద్యోగం పోతే ఆ సంగతి, ఎంత కట్టగలరో రాయండి. బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. ఉత్తరం నకలు, పోస్టు రసీదు దాచుకోండి. తర్వాత ట్రైబ్యునల్‌లో మీకు పనికొచ్చేవి అవే.

స్వాధీన నోటీసు వచ్చాక డీఆర్‌టీకి వెళ్లడానికి 45 రోజులుంటాయి. హైదరాబాద్‌లో, విశాఖపట్నంలో ట్రైబ్యునళ్లున్నాయి. అసలు, వడ్డీ కలిపి మిగిలిన బాకీ 20 శాతం కన్నా తక్కువైతే, లేదా లక్ష రూపాయలకు మించకపోతే ఈ చట్టం మీకు వర్తించదు. పదిహేనేళ్లు వాయిదాలు కట్టి చివర్లో చితికిపోయినవాళ్లు ఈ లెక్క తప్పకుండా చూసుకోవాలి.

ఇల్లు విడిపించుకునే అవకాశం ఎప్పటిదాకా ఉంటుందన్న దాని మీద చాలామందికి పాత సమాచారమే ఉంది. ఒకప్పుడు అమ్మకం పూర్తయ్యేదాకా డబ్బు కట్టి ఆపగలిగేవారు. 2016 సవరణ తర్వాత వేలం నోటీసు వెలువడే లోపే మొత్తం బాకీ, ఖర్చులతో సహా కట్టాలి. వేలం రోజున డబ్బు సంచితో వెళ్తే ఉపయోగం లేదు. కాబట్టి పేపర్లో ప్రకటన పడక ముందే కదలండి. వేరే దారి లేకపోతే, ఇంటికి మంచి ధర ఇచ్చే కొనుగోలుదారును మీరే వెతికి, బ్యాంకు అనుమతితో అమ్మి బాకీ తీర్చేయడం వేలం కన్నా నయం. వేలంలో ధర ఎలా జారుతుందో పైన చూశారు కదా.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదన్నది ఆర్‌బీఐ నిబంధన. చేస్తే కాల్ రికార్డుతో ముందు బ్యాంకుకు రాయండి, నెలలో పరిష్కారం రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి.

వేలం అయిపోయిందని లెక్క ముగిసిపోదు. బాకీ, ఖర్చులు పోను మిగిలిన డబ్బు మీదే, లెక్కతో సహా ఇవ్వమని బ్యాంకును అడగండి. వచ్చిన సొమ్ము చాలకపోతే మాత్రం మిగతా బాకీ కోసం బ్యాంకు మీ మీద, మీకు హామీ ఉన్నవాళ్ల మీద మళ్లీ డీఆర్‌టీకి వెళ్లొచ్చు. బావమరిదో, స్నేహితుడో హామీ సంతకం పెట్టి ఉంటే నోటీసు వచ్చిన రోజే వాళ్లకూ చెప్పండి.