పీడకల

పీడకల అనగా నిద్రలో తీవ్రమైన భయాన్ని, ఆందోళనను లేక దుఃఖాన్ని కలిగించి, తరచుగా మెలకువ తెప్పించే కల. సంస్కృతంలో దీనిని దుస్స్వప్నం అంటారు. ఇంగ్లీషులో నైట్‌మేర్ అని పేరు. పీడకలలో కనిపించేది కల్పితమే అయినా, అందులో కలిగే భయం కల్పితం కాదు. గుండె దడ, వేగంగా ఆడే ఊపిరి, చెమట, నోరు ఎండిపోవడం మేల్కొన్న తరువాత కూడా కొంతసేపు ఉంటాయి. పీడకలలు అన్ని వయసుల వారికీ వస్తాయి, పిల్లలలో మరింత ఎక్కువ. ఎప్పుడో ఒకసారి వచ్చే పీడకల జబ్బు కాదు. అయితే పెద్దలలో సుమారు నూటికి నలుగురికి ఇవి తరచుగా వచ్చి నిద్రను, పగటి పనులను చెడగొడతాయి. అటువంటప్పుడు వైద్యులు దానిని చికిత్స అవసరమైన రుగ్మతగా పరిగణిస్తారు.

కలలో భయం పుట్టే విధం

నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. గాఢనిద్ర, కలల నిద్ర సుమారు 90 నిమిషాలకు ఒక ఆవృత్తిగా మారుతూ ఉంటాయి. కలల నిద్రలో మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా కదులుతాయి. దీనిని 1953లో చికాగో విశ్వవిద్యాలయానికి చెందిన యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే శాస్త్రవేత్తలు ప్రకటించారు. దీనికే రెమ్ నిద్ర అని పేరు. తెల్లవారుజాము దగ్గరపడే కొద్దీ రెమ్ నిద్ర నిడివి పెరుగుతుంది. పీడకలలు ఎక్కువగా రాత్రి చివరి భాగంలో రావడానికి కారణం ఇదే.

రెమ్ నిద్రలో మెదడులోని అమిగ్డలా అనే బాదంగింజ ఆకారపు భాగం చురుకుగా ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టడం, భయాన్ని పుట్టించడం దీని ముఖ్యమైన పనులలో ఒకటి. అదే సమయంలో మంచిచెడ్డలు తర్కించే నుదుటి వెనుక భాగాలు కొన్ని మందగించి ఉంటాయి. అందుచేత ఎంత అసంభవమైన దృశ్యమైనా కల కంటున్న వ్యక్తికి నిజమే అనిపిస్తుంది. "ఇది కల" అని చెప్పవలసిన విభాగమే అప్పుడు విశ్రాంతిలో ఉంటుందన్నమాట. ఇక శరీరంలోని కండరాలు దాదాపు పూర్తిగా సడలిపోతాయి. కలలో పరుగెత్తినవాడు మంచం మీద నుండి లేచి పరుగెత్తకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు ఇది. కలలో కాళ్ళు కదలకపోవడానికీ, అరవబోతే గొంతు పెగలకపోవడానికీ ఇదే కారణం కావచ్చునని కొందరు భావిస్తారు.

మెలకువలోని భయాలు, కలలోని భయాలు

పామును చూసి జాగ్రత్తపడటం భయం. పాము బొమ్మ ఉన్న పుస్తకాన్ని కూడా తెరవలేకపోవడం ఫోబియా. ఫోబియా ఉన్నవారు పగలు ఆ వస్తువునో స్థలాన్నో తప్పించుకొని తిరుగుతారు. ఎత్తంటే భయపడేవారు మేడ ఎక్కరు. నీళ్ళంటే భయపడేవారు చెరువుగట్టుకు పోరు. కలలో మాత్రం ఈ తప్పించుకొనే అవకాశం ఉండదు. పగలంతా దూరం పెట్టినదే రాత్రి ఎదురుగా నిలబడవచ్చు. ఆ భయంతో మేల్కొన్నవారు మరునాడు దానినుండి ఇంకా దూరంగా ఉండాలని చూస్తారు. ఇలా తప్పించుకొనే కొద్దీ ఫోబియా గట్టిపడుతుంది.

ఎత్తునుండి పడిపోవడం, ఎవరో తరమడం, కదలలేకపోవడం, సమయానికి చేరలేకపోవడం, అయినవారు మరణించడం చాలామందికి వచ్చే పీడకలలు. చదువుకున్నవారిలో పరీక్ష కల మరొకటి. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు సైతం హాల్ టికెట్ మరచిపోయి పరీక్షకు వెళ్ళినట్లు కలగని ఉలిక్కిపడి లేవడం ఈ వ్యాసకర్తకు బాగా తెలుసు. సిగ్మండ్ ఫ్రాయిడ్ ఈ కలను గురించి రాస్తూ, ఇది మనం ఉత్తీర్ణులమైన పరీక్షల గురించే వస్తుందని, తప్పిన పరీక్షల గురించి రాదని అన్నాడు. తాను తప్పిన వైద్యన్యాయశాస్త్ర పరీక్ష తన కలలోకి ఎన్నడూ రాలేదట.

ఫిన్లాండుకు చెందిన ఆంటీ రెవొన్‌సువో 2000లో మరొక సిద్ధాంతం ప్రతిపాదించాడు. ఆదిమానవుడు క్రూరమృగాల నుండి తప్పించుకోవడానికి కల ఒక సాధనశాలగా పనిచేసిందని, అందుకే కలలలో ఆపదలు ఎక్కువని ఆయన వాదన. దీనిని అందరూ అంగీకరించలేదు.

ప్రాచీన గ్రంథాలలో

అథర్వవేదంలో దుస్స్వప్న నివారణకు మంత్రాలు ఉన్నాయి. చరకసంహిత ఇంద్రియస్థానంలో కలలను ఏడు విధాలుగా విభజించి, చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి కలలుగా వస్తే వాటికి ఫలితం ఉండదని చెప్పారు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండలో మేనమామ ఇంట ఉన్న భరతుడు, తండ్రి పర్వతశిఖరం నుండి పడినట్లు కలగని కలత చెందుతాడు. దశరథుని మరణవార్తను దాచి తనను తీసుకుపోవడానికి వచ్చిన దూతలు అదే రాత్రి ఆ నగరం చేరుతారు.

వీటన్నిటికంటె ఈ విషయానికి దగ్గరగా ఉన్నది బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయంలోని వివరణ. ఎవరో తనను చంపుతున్నట్లు, ఏనుగు తరుముతున్నట్లు, గోతిలో పడుతున్నట్లు కలగనేవాడు, మెలకువలో తాను చూసిన భయాన్నే అవిద్య వలన అక్కడ నిజమని తలుస్తున్నాడని అందులో ఉంది. నేటి మనస్తత్వ శాస్త్రం చెప్పేది దీనికి మరీ దూరం కాదు.

పీడకలగా పొరబడే ఇతర స్థితులు

మన ఇళ్ళలో రాత్రివేళ కలిగే ప్రతి భయాన్నీ "జడుసుకోవడం" అనే ఒక్క మాటతో సరిపెడతారు. నిజానికి ఇందులో వేరువేరు స్థితులు ఉన్నాయి. వాటికి చేయవలసినవి కూడా వేరు.

పీడకల వచ్చిన పిల్లవాడు పూర్తిగా మేల్కొంటాడు, తల్లిని గుర్తుపడతాడు, కలను చెప్పగలుగుతాడు. నిద్రాభీతి అలా కాదు. ఇది గాఢనిద్రలో, సాధారణంగా పడుకున్న ఒకటి నుండి మూడు గంటలలోపు వస్తుంది. పిల్లవాడు కెవ్వున అరచి లేచి కూర్చుంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి కాని ఎదుట ఉన్నవారిని గుర్తుపట్టడు, పట్టుకోబోతే తోసివేస్తాడు. కొన్ని నిమిషాలలో మళ్ళీ పడుకుంటాడు. తెల్లవారి అడిగితే ఏమీ తెలియదంటాడు. చూసేవారికి భయంకరంగా ఉన్నా పిల్లవానికి ఆ బాధ గుర్తుండదు. బలవంతంగా లేపడం, కుదపడం, ముఖాన నీళ్ళు కొట్టడం చేయకూడదు. దెబ్బ తగలకుండా దగ్గర ఉంటే చాలు. చాలామందిలో ఇది కౌమారం నాటికి తగ్గిపోతుంది.

మూడవది నిద్రా పక్షవాతం. మెలకువ వచ్చినా రెమ్ నిద్రలోని కండరాల సడలింపు మరికొన్ని క్షణాలు కొనసాగడం వలన ఇది కలుగుతుంది. మనిషి చుట్టూ ఉన్నవి చూస్తూనే ఉంటాడు, కాని కదలలేడు, నోట మాట రాదు. గదిలో ఎవరో ఉన్నట్లు, గుండెలమీద కూర్చుని నొక్కుతున్నట్లు తోస్తుంది. తెలుగునాట దీనినే గుండెలమీద దయ్యం కూర్చోవడం అంటారు. ఐరోపాలోనూ ఇదే నమ్మకం ఉండేది. నైట్‌మేర్ అనే మాటలోని మేర్‌కు ఆడగుర్రంతో సంబంధం లేదు, నిద్రించేవారిని తొక్కిపట్టే పిశాచానికి అది పాత పేరు. హెన్రీ ఫ్యూసెలీ 1781లో చిత్రించిన ది నైట్‌మేర్ అనే ప్రసిద్ధ చిత్రంలో నిద్రిస్తున్న స్త్రీ ఛాతీపై ఒక పిశాచం కూర్చుని ఉంటుంది. నిద్రలేమి, వెల్లకిలా పడుకోవడం దీనికి దోహదం చేస్తాయి. సాధారణంగా దీనివలన ప్రాణాపాయం లేదు. ఇది తెలియక "గాలి సోకింది" అని భూతవైద్యుల వద్దకు తీసుకుపోయి, వేపమండలతో కొట్టించి, ఆ మనిషికి లేని జబ్బు తెచ్చిపెట్టిన సంఘటనలు మన సమాజంలో ఉన్నాయి.

నడివయసు దాటినవారు కలలోని కొట్లాటకు అనుగుణంగా చేతులు కాళ్ళు విసరడం, పక్కనున్నవారిని కొట్టడం చేస్తే అది రెమ్ నిద్రా ప్రవర్తన రుగ్మత కావచ్చు. దీనిని 1986లో అమెరికాలో మొదట వర్ణించారు. వీరిలో చాలామందికి కొన్నేళ్ళ తరువాత పార్కిన్‌సన్ వంటి నరాల వ్యాధులు వస్తున్నందున నరాల వైద్యుని సంప్రదించడం అవసరం.

కారణాలు

మానసిక ఒత్తిడి, జ్వరం, నిద్ర చాలకపోవడం సాధారణ కారణాలు. రక్తపోటుకు వాడే ప్రొప్రనొలాల్ వంటి కొన్ని మందుల వలన, మద్యం హఠాత్తుగా మానడం వలన కూడా పీడకలలు వస్తాయి. మందు కారణమని అనిపిస్తే వైద్యునికి చెప్పాలి, సొంతంగా మానివేయరాదు. యుద్ధం, ప్రమాదం, అత్యాచారం వంటివి అనుభవించినవారికి ఆ సంఘటనే మళ్ళీమళ్ళీ కలలోకి వస్తుంది. కలలు కోరికలు తీర్చుకొనే మార్గమని చెప్పిన ఫ్రాయిడ్, మొదటి ప్రపంచయుద్ధ సైనికుల కలలను చూసిన తరువాత 1920లో ఈ విషయంలో తన సిద్ధాంతం సరిపోదని ఒప్పుకోవలసి వచ్చింది.

చికిత్స

పడుకునే ముందు హనుమంతుని తలచుకోవడం, ఆంజనేయ దండకం చదవడం తెలుగు ఇళ్ళలో ఆచారం. భయపడిన పిల్లవానికి పెద్దలు పక్కనున్నారనే ధైర్యం మేలే చేస్తుంది. "మగపిల్లాడివి, భయమేమిటి?" అని గద్దించడం మాత్రం భయాన్ని పోగొట్టదు, దానిని చెప్పుకోవడం మాన్పిస్తుంది.

పదేపదే వచ్చే పీడకలకు నేడు వైద్యులు ముఖ్యంగా సూచించేది కలను తిరగరాసే పద్ధతి. పగటిపూట, మెలకువలో, ఆ కలను కాగితం మీద రాయాలి. తరువాత దానిని తమకు నచ్చినట్లు మార్చాలి. తరిమే కుక్క తోక ఊపవచ్చు, మూసుకున్న తలుపు తెరుచుకోవచ్చు. మార్చిన కథను రోజూ 10 నుండి 20 నిమిషాలు కళ్ళు మూసుకొని మనసులో చూసుకోవాలి. అమెరికాలో బారీ క్రాకోవ్ బృందం లైంగిక దాడికి గురైన 168 మంది స్త్రీలతో జరిపి 2001లో ప్రచురించిన అధ్యయనంలో ఈ పద్ధతి వలన పీడకలలు గణనీయంగా తగ్గాయి. తీవ్రమైన అనుభవాల కలలను మాత్రం నిపుణుల సాయంతోనే ఇలా మార్చుకోవడం మంచిది. ప్రజోసిన్ అనే మందుపై మొదట ఆశలు ఉండేవి. 2018లో వెలువడిన మాజీ సైనికుల అధ్యయనంలో దానివలన అదనపు ప్రయోజనం కనిపించలేదు, అయినా కొందరికి వైద్యులు దీనిని ఇస్తున్నారు. ఫోబియా వలన వచ్చే కలలకు అసలు ఫోబియాకే, అనగా భయపడే వస్తువును కొద్దికొద్దిగా ఎదుర్కొనే పద్ధతిలో, చికిత్స చేస్తారు.

పీడకలలు వారానికి ఒకటి రెండుసార్లు వస్తూ నెలల తరబడి కొనసాగినా, నిద్రపోవడానికే భయం వేస్తున్నా, చనిపోవాలనే ఆలోచనలు కలుగుతున్నా మానసిక వైద్యుని కలవాలి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఉచితంగా, ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు.