పీఎస్ఎల్‌వీ-డీ1: హద్దు దాటిన అంకె

ప్రిలిమ్స్ నోట్సుల్లో పీఎస్ఎల్‌వీ-డీ1కి దొరికే చోటు ఒక్క లైను. 1993 సెప్టెంబర్ 20, శ్రీహరికోట, ఐఆర్ఎస్-1ఈ, విఫలం. బిట్ ప్రశ్నకు అది సరిపోతుంది. జీఎస్ పేపర్-3లో అంతరిక్ష రంగ స్వావలంబన మీద పది మార్కుల ప్రశ్న వస్తే మాత్రం ఆ "విఫలం" వెనక కథ తెలియాలి. ఇంజినీరింగ్ నుంచి ఇటు వచ్చినవాళ్లకు ఈ జబ్బు కొత్తదేమీ కాదు. లెక్కలో వచ్చిన విలువ, దానికి ప్రోగ్రామ్‌లో ఇచ్చిన చోటులో పట్టకపోవడం.

ముందు ఆ ప్రయోగం ఎంత అవసరమో చూడాలి. 1988 మార్చి 17న ఐఆర్ఎస్-1ఏ, 1991 ఆగస్టు 29న ఐఆర్ఎస్-1బీ కక్ష్యలోకి వెళ్లాయి. రెండూ మనం తయారు చేసుకున్నవే, కానీ రెండింటినీ మోసింది సోవియట్ రాకెట్లు, బైకనూర్ నుంచి. 1991 డిసెంబర్‌లో ఆ సోవియట్ యూనియనే లేకుండా పోయింది. 1992 మేలో క్రయోజెనిక్ ఒప్పందం కారణంగా అమెరికా ఇస్రో మీదా, రష్యా సంస్థ గ్లావ్‌కాస్మాస్ మీదా ఆంక్షలు పెట్టింది. 1993 జూలైలో రష్యా ఆ టెక్నాలజీ ఇవ్వడం నుంచి వెనక్కి తగ్గింది. సరిగ్గా రెండు నెలల తర్వాత పీఎస్ఎల్‌వీ మొదటిసారి లేచింది.

ఇదంతా ఢిల్లీ, మాస్కోల గొడవ అనుకోవద్దు. నేను చదువుకుంటున్న ఆవపల్లి బీజాపూర్ జిల్లాలో ఉంది. ఇంద్రావతి జాతీయ ఉద్యానం ఉన్న జిల్లా ఇది. ఇలాంటి చోట ఎంత అడవి మిగిలిందో గొలుసు పట్టుకుని కొలవడం అయ్యే పని కాదు. అటవీ సర్వే సంస్థ 1987 నుంచి ఉపగ్రహ చిత్రాలతోనే నివేదికలు ఇస్తోంది. మొదట్లో వాడినవి అమెరికా ల్యాండ్‌శాట్ చిత్రాలు. 1990ల మధ్య నుంచి మన ఐఆర్ఎస్ చిత్రాలు వచ్చాయి. వాటిని పైకి పంపే వాహనం మన చేతిలో ఉందా లేదా అన్నదే అప్పటి అసలు ప్రశ్న.

ఇక ప్రయోగం. మొదటి దశ బాగా మండింది, రెండో దశా అంతే. రెండో దశ విడిపోయి మూడోది అందుకునే వేళ పెద్ద కుదుపు వచ్చి వాహనం దారి తప్పింది. ఐఆర్ఎస్-1ఈ కక్ష్యకు చేరలేదు. విచారణలో తేలిన ప్రధాన కారణం పిచ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో దోషం. పిచ్ అంటే రాకెట్ ముక్కు పైకీ కిందికీ ఊగే కదలిక. అది ఎంత వంగితే ఎంత సరిదిద్దాలో లోపలి కంప్యూటర్ లెక్కకట్టి ఆదేశం పంపుతుంది. ఆ ఆదేశం విలువ నిర్ణయించిన గరిష్ఠాన్ని దాటినప్పుడు మాత్రమే బయటపడే దోషమది. కుదుపు లేని ప్రయాణంలో అది ఎప్పటికీ కనిపించేది కాదు. ఇక్కడే కాసేపు ఆగాలి.

16 బిట్ల చోటులో గుర్తుతో కూడిన పూర్ణాంకం పెడితే -32,768 నుంచి 32,767 వరకే పడుతుంది. 32,767కి ఒకటి కలిపితే చాలా యంత్రాల్లో వచ్చే జవాబు -32,768. స్కూటర్ మీటరు 99,999 దాటి సున్నాకు వచ్చినట్టే, కాకపోతే ఇక్కడ కూడిక గుర్తు తీసివేతగా మారుతుంది. పరీక్షలో ఇది అడిగితే మూడు దారులు రాయండి. హద్దు దగ్గరే విలువను ఆపేయడం ఒకటి, తిరగబడనివ్వడం రెండోది, తప్పు ప్రకటించి పని ఆపడం మూడోది. వాహనాన్ని నిలబెట్టే లెక్కలో నాకు మొదటిదే సబబుగా తోస్తుంది. "చేతనైనంత తిప్పు" అనడం, "అసలు తిప్పను" అనడం కన్నా మేలు కదా.

మూడో దారి పట్టిన ఫలితం మూడేళ్లకు ఐరోపాలో కనిపించింది. 1996 జూన్ 4న ఏరియాన్-5 మొదటి ప్రయోగం. రాకెట్ దిశను చెప్పే పరికరం, పక్కవాటు వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల దశాంశ రూపం నుంచి 16 బిట్ల పూర్ణాంకంలోకి మార్చబోయింది. విలువ పట్టలేదు, పరికరం ఆగిపోయింది. అదే సాఫ్ట్‌వేర్ నడుస్తున్న రెండో పరికరం అంతకు 72 మిల్లీసెకన్ల ముందే అదే కారణంతో ఆగింది. జంటగా పెట్టుకున్నా లాభం లేకపోయింది. ఇంజిన్ వెలిగిన 40 సెకన్లలోపే రాకెట్, నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలతో సహా ముక్కలైంది.

జాక్-లూయీ లియాన్స్ అధ్యక్షతన వేసిన విచారణ మండలి జూలై 19న నివేదిక ఇచ్చింది. ఆ కోడ్ ఏరియాన్-4ది. పాత రాకెట్ దారిలో ఆ విలువ అంత పెద్దదయ్యేది కాదు. ప్రమాదం ఉన్న ఏడు విలువల్లో నాలుగింటికే రక్షణ పెట్టారు. ప్రాసెసర్ మీద భారం 80 శాతం మించకూడదని మిగతా మూడూ వదిలేశారు. ఇంతా చేసి, ఆ లెక్కతో ఏరియాన్-5కి గాల్లోకి లేచాక పనే లేదు! కొత్త రాకెట్ దారి అంకెలు ఇచ్చి నడిపి చూస్తే నేల మీదే అదే తప్పు వచ్చింది. ఆ పరీక్ష ప్రయోగానికి ముందు జరగలేదు.

డీ1 వైఫల్యాన్ని కొన్ని నోట్సుల్లో "అనుభవలేమి" అని తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. ఐరోపాకు అనుభవం తక్కువేం కాదు. రెండు చోట్లా లెక్క మామూలు విలువలకు సరిగ్గానే ఉంది. హద్దు దాటించి చూడటమే మిగిలిపోయింది.

ఇదే వరుసలో 1991 ఫిబ్రవరి 25న ధహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వైఫల్యాన్ని కలిపేసేవాళ్లున్నారు. అది వేరే రకం. అక్కడ విలువ పొంగలేదు, కొంచెం కొంచెంగా తరిగింది. 0.1ని రెండంకెల పద్ధతిలో పూర్తిగా రాయలేం. 24 బిట్ల దగ్గర కోసేసిన ఆ చిన్న ముక్క 100 గంటల్లో 0.34 సెకన్లయింది. వచ్చిపడిన స్కడ్‌ను అడ్డుకోలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. జవాబులో రెండింటినీ విడివిడిగా రాయండి.

శ్రీహరికోటలో 1994 అక్టోబర్ 15న, పదమూడు నెలలైనా నిండకుండానే, పీఎస్ఎల్‌వీ-డీ2 804 కిలోల ఐఆర్ఎస్-పీ2ను కక్ష్యలో పెట్టింది. అయినా 1995 డిసెంబర్ 28న ఐఆర్ఎస్-1సీ బైకనూర్ నుంచే వెళ్లింది. దాని తమ్ముడు ఐఆర్ఎస్-1డీ మాత్రం 1997 సెప్టెంబర్ 29న పీఎస్ఎల్‌వీ-సీ1 మీద మన నేల నుంచే ఎగిరింది.