పశ్చిమ ప్రకాశంలో నిరాశ్రయులు, ఆశ్రయాలు

నల్లమల తూర్పు అంచున ఉన్న మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం ప్రాంతాల్లో నిలువ నీడ లేనితనం మహానగరాల ఫుట్‌పాత్‌ల మీద కనిపించే దానికి భిన్నమైనది. ఇక్కడ దానికి మొదటి కారణం వాన. వాన మొహం చాటేసిన ఏడు ఊరు విడిచినవాళ్ళే ఈ ప్రాంతపు తొలి నిరాశ్రయులు. అడవి నుంచి కదిలించబడ్డవాళ్ళు, జలాశయం కింద ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు, ముసలితనంలోనో మతి చెడో అయినవాళ్ళకు దూరమై గుడి మంటపంలోనో రైల్వేస్టేషన్లోనో చేరినవాళ్ళు ఆ తర్వాత వస్తారు. వీరికి అందిన సాయంలో ఒక తేడా మొదటి నుంచీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అన్నం పెట్టడానికి ఈ సీమ ఏనాడూ వెనకాడలేదు. పడుకోవడానికి చోటివ్వడం మాత్రం అంత తేలిగ్గా జరగలేదు.

పాలనాపరంగా ఇది ఎప్పుడూ ఏదో ఒక జిల్లాకు చివరి కొసే. మొదట కడప జిల్లాలో ఉన్న మార్కాపురం, కంభం తాలూకాలు 1858లో కర్నూలు జిల్లాకు, 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా ఏర్పడ్డ కొత్త జిల్లాకు మారాయి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం కేంద్రంగా ప్రత్యేక జిల్లా ఏర్పాటుకు ప్రభుత్వం 2025 చివర్లో గానీ ఆమోదం తెలపలేదు. అందాకా కరువు సాయమైనా, ఇంటి మంజూరైనా దూరపు కచేరీ నుంచే రావలసి వచ్చింది.

మఠాలు, సత్రాలు

శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరున్న త్రిపురాంతకంలో కాకతీయుల కాలంలో గోళకీ శైవ మఠం ఉండేది. ఆ మఠ సంప్రదాయం నిరాశ్రయుల విషయంలో ఎంత దూరం ఆలోచించిందో తెలియాలంటే 1261 నాటి మల్కాపురం శాసనం చూడాలి. ఆ సంప్రదాయానికే చెందిన విశ్వేశ్వర శివాచార్యుడు కృష్ణ ఒడ్డున మందడం దగ్గర నెలకొల్పిన సంస్థలో ఆరోగ్యశాల, ప్రసూతిశాల ఉండేవి. బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టే సత్రం కూడా ఉండేది. ఏడున్నర శతాబ్దాల కిందటి ఈ ఏర్పాటులో అన్నం, వైద్యం, పురుడు ఒకే ఆవరణలో ఉన్నాయి. నేటి పథకాల్లో ఈ మూడింటికీ మూడు శాఖలు.

తర్వాతి కాలపు సత్రాల తీరు వేరు. దోర్నాల మీదుగా కొండెక్కే యాత్రికుల కోసం శ్రీశైలంలో కులానికొకటిగా సత్రాలు వెలిశాయి. వాటిలో భోజనం బాగుంటుంది, గదులూ దొరుకుతాయి. కానీ సత్రం యాత్రికుడి కోసం, అంటే తిరిగి వెళ్ళడానికి ఇల్లున్నవాడి కోసం. ఏ ఊరూ చెప్పుకోలేనివాడికి పంక్తిలో చోటు దొరికినా గది దొరకదు.

కరువులు, గంజి కేంద్రాలు

1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊడ్చేసింది. డొక్కల కరువుగా జనం నోట నిలిచింది అదే. 1866 కరువులో కోవెలకుంట్ల దగ్గరి ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి తన గాదెలు తెరిచి వేలమందికి అంబలి పోయించాడు. విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం అందుకున్నాడు. ఆయన మీద కట్టిన పాటలు రాయలసీమ పల్లెల్లో నేటికీ పాడతారు. కర్నూలు జిల్లా మొత్తానికీ ఆయన పేరే దానానికి కొలబద్ద అయింది.

వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ 1876–78 ధాత కరువు. 1871 జనాభా లెక్కల్లో సుమారు 9 లక్షల 14 వేలమంది ఉన్న కర్నూలు జిల్లాలో 1881 నాటికి మిగిలింది 6 లక్షల 78 వేలమందే. పదేళ్ళలో నాలుగో వంతుకు పైగా జనం చావు పాలో వలస పాలో అయ్యారు. ఊళ్ళు ఖాళీ అయి, దారులన్నీ మనుషులతో నిండాయి. సర్కారు రెండు రకాల ఏర్పాట్లు చేసింది. ఒళ్ళు సహకరించేవాళ్ళకు రోడ్డు, చెరువు పనులు. లేవలేనివాళ్ళకు శిబిరాల్లో గంజి. పనికి వచ్చినవాళ్ళకు, కరువు పనుల పర్యవేక్షణకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ ఖరారు చేసిన కూలి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఒక పౌను అంటే అరకిలోకు కూడా తక్కువ. దాంతో రోజంతా మట్టి మోయమన్నారు. ఆ కూలి మీద మద్రాసులో పెద్ద దుమారమే రేగింది.

ఆ కరువు తర్వాత 1880 నాటి క్షామ కమిషన్ కరువు సీమలకు ధాన్యం చేరవేసే రైలుదారులు వేయాలని గట్టిగా చెప్పింది. గుంతకల్లు నుంచి నంద్యాల, గిద్దలూరు, కంభం, మార్కాపురం రోడ్డు మీదుగా బెజవాడ వైపు సాగిన మీటర్‌గేజి లైను ఆ ఆలోచన ఫలితమే. ధాన్యం తెస్తుందని వేసిన ఆ దారే తర్వాత మనుషుల్ని బయటికి తీసుకెళ్ళింది. గిద్దలూరు, మార్కాపురం రోడ్డు స్టేషన్ల నుంచి బయల్దేరే వలసకు అదే ముఖ్యమైన వాహనం అయింది.

1950ల మొదట్లో రాయలసీమ మళ్ళీ మాడిపోయినప్పుడు ఊరూరా గంజి కేంద్రాలు తెరిచారు. అప్పటికి మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోదే. ఆ కేంద్రాలు ఆకలి చావుల్ని చాలావరకు ఆపాయి. ఎవరి గుడిసెనూ నిలబెట్టలేదు, అది వాటి పనీ కాదు.

కాశినాయన పొయ్యి

ఈ ప్రాంతంలో సమాజం తనంతట తాను నడుపుకొంటున్న సాయాల్లో అన్నిటికన్నా పెద్దది అవధూత కాశినాయన పేరున సాగుతోంది. నెల్లూరు జిల్లా సీతారాంపురం మండలం బెడుసుపల్లిలో 1895లో పుట్టిన కాశిరెడ్డి నల్లమల పొడవునా తిరిగాడు. పాడుబడ్డ గుళ్ళను బాగుచేయించాడు. ఎక్కడ గుడి నిలబెట్టినా పక్కనే పొయ్యి వెలిగించమన్నాడు. 1995 డిసెంబరులో కడప జిల్లా జ్యోతి క్షేత్రంలో ఆయన సమాధి అయ్యాక కూడా ఆ పొయ్యిలు ఆరలేదు. గిద్దలూరు చుట్టుపక్కల నుంచి కడప, నెల్లూరు, కర్నూలు జిల్లాల దాకా ఆయన ఆశ్రమాలు ఉన్నాయి. రైతులు పంట చేతికి రాగానే ధాన్యం, పప్పు, కూరగాయలు ట్రాక్టర్ల మీద పంపుతారు. వచ్చినవాడి కులమేంటో, ఊరేంటో, ఏ పని మీద వచ్చాడో అడగరు. వడ్డించడమే తెలుసు. పిచ్చివాడని ఊళ్ళో తరిమేసినవాడు, కొడుకులు గెంటేసిన ముసలామె ఈ పంక్తుల్లో కూర్చుంటారు. ఆశ్రమం ఊడ్చి, గిన్నెలు తోమి అక్కడే ఉండిపోయినవాళ్ళూ ఉంటారు. నిరాశ్రయులకు అన్నంతో పాటు చోటు కూడా దొరికిన అరుదైన వ్యవస్థ ఇది. దీని మీద ఒక్క జిల్లా గెజిటీరైనా నాలుగు పేజీలు రాసి ఉండాల్సింది.

ఆ చోటు కూడా గట్టిదేమీ కాదు. జ్యోతి క్షేత్రం పులుల అభయారణ్యం పరిధిలో ఉందంటూ 2025 మార్చిలో అటవీ అధికారులు అక్కడి కొన్ని వసతి కట్టడాలను కూల్చేశారు. గొడవ పెద్దదయ్యాక మంత్రి నారా లోకేష్ క్షమాపణ చెప్పి, తిరిగి కట్టిస్తానని ప్రకటించారు.

కదిలించబడ్డవాళ్ళు

అందరి నిరాశ్రయత్వమూ కరువు తెచ్చిందే కాదు, చట్టం తెచ్చింది కూడా ఉంది. ఊరూరా తిరిగి బతికే ఎరుకల వంటి కులాలను 1911 నాటి నేరస్థ జాతుల చట్టం దొంగల లెక్కలో వేసింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లు అప్పటివే. అక్కడ కప్పు దొరికింది గానీ హాజరు వేయించుకోకుండా గడప దాటే హక్కు పోయింది. ఆ చట్టం 1952లో రద్దయింది. ఆ తర్వాత పాతికేళ్ళకు, 1977లో, రాష్ట్రం యాచక నిరోధక చట్టం తెచ్చింది. రోడ్డు మీద చెయ్యి చాపినవాడు మళ్ళీ నేరస్థుడయ్యాడు.

దోర్నాల, యర్రగొండపాలెం మండలాల చెంచులది మరో కథ. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల రక్షణ ప్రాజెక్టు కిందికి వచ్చాక, అడవిలోనే ఉంటే సౌకర్యాలు రాని, బయటికి వస్తే బతుకుతెరువు లేని సందిగ్ధంలో వాళ్ళు పడ్డారు. వాళ్ళ గూడేలకు పక్కా ఇళ్ళ కోసం 2023లో మొదలైన పీఎం జన్‌మన్ ఇటీవలి ప్రయత్నం.

వెలిగొండ ప్రాజెక్టు మునక అన్నిటికన్నా దగ్గరి గాయం. కమ్యూనిస్టు నేత పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఈ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. కరువు వలసల్ని ఆపుతుందని పశ్చిమ ప్రకాశం మూడు దశాబ్దాలుగా ఎదురుచూస్తున్న నీళ్ళివి. ఆ నీళ్ళు నిలిచే నల్లమల సాగర్ కింద సుంకేసుల, కలనూతల, గుండంచెర్ల, గొట్టిపడియ సహా 11 గ్రామాలు మునిగిపోతాయి. ఆ ఊళ్ళవాళ్ళు పరిహారం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారు. ఎప్పుడు వదలాల్సొస్తుందో తెలియని ఇంటికి ఎవరూ మరమ్మతు చేయించరు. కప్పు కారుతున్నా తట్టలు పెట్టుకుని కాలం గడిపారు. ఇల్లుండీ లేనట్టే బతికిన ఈ కుటుంబాలు ఏ నిరాశ్రయుల లెక్కలోకీ రావు.

వలస కూలీ పరిస్థితీ అంతే. సొంతూళ్ళో తాళం వేసిన ఇల్లుంటుంది, రాత్రి పడక మాత్రం గుంటూరు, పల్నాడు మిరప చేల గట్ల మీద పరదా పట్టల కింద, లేకపోతే హైదరాబాదు, బెంగళూరులో కడుతున్న భవనం లోపల. ముఠా మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాక మధ్యలో తిరిగి రావడానికి ఉండదు. మార్కాపురం పలకల పరిశ్రమ మంచి రోజుల్లో కొంతమందిని ఊళ్ళోనే ఉంచింది. బడిలో పలక పోయి నోటుపుస్తకం వచ్చాక ఆ పనీ పలచబడింది. వలస వెళ్ళే తల్లిదండ్రుల పిల్లల కోసం కర్నూలు, ప్రకాశం వంటి జిల్లాల్లో తెరిచిన సీజనల్ హాస్టళ్ళు ప్రభుత్వం ఇచ్చిన కప్పుల్లో ఫలితం కనబడ్డ కొద్దివాటిలో ఒకటి.

రోజు గడవడం

బయట బతికేవాళ్ళకు తిండి కన్నా కష్టమైనవి చాలా ఉన్నాయి. ఆడవాళ్ళు తెల్లారకముందే కాలకృత్యాలు ముగించుకోవాలి, మళ్ళీ చీకటి పడేదాకా ఆగాలి. అందుకని నీళ్ళు తక్కువ తాగుతారు, ఎండాకాలంలో అదే జబ్బవుతుంది. ఉన్న మూట ఎక్కడా పెట్టడానికి ఉండదు, ఎక్కడికెళ్ళినా చంకలోనే. కునుకు పట్టగానే ఎవరో ఒకరు లేపుతారు.

వీటన్నిటి మీదా కాగితాల బెడద. రేషన్ కార్డుకు చిరునామా కావాలి, ఇళ్ళ స్థలానికి రేషన్ కార్డు కావాలి. ఇల్లు లేనివాడికి ఇల్లు రావాలంటే ముందు ఇంటి చిరునామా ఉండాలి! 1979లో ఏర్పడ్డ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ నుంచి ఇందిరమ్మ ఇళ్ళు, 2020 నాటి ఇళ్ళ పట్టాల దాకా ఏ పథకమూ ఈ ముడి విప్పలేదు. నెల మొదట్లో ఇంటి గడపలో ఇచ్చే పింఛనుకూ గడప ఉండాలి. వలసలో ఉండి రెండు నెలలు తీసుకోలేకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే వెసులుబాటు 2024 చివర్లో వచ్చింది, అది నిజంగా పనికొచ్చే మార్పు. అయిదు రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు 2018లో మొదలై, మరుసటి ఏడు మూతపడి, 2024 ఆగస్టులో మళ్ళీ తెరుచుకున్నాయి. ఇదీ మళ్ళీ అన్నమే.

చట్టం, లెక్క

ఆహార హక్కు కేసులో భాగంగా 2010లో సుప్రీంకోర్టు నగరాల్లో నిరాశ్రయులకు వసతి గృహాలు తెరవాలని ఆదేశించింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ లక్ష జనాభాకు కనీసం వందమందికి సరిపడే, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండే ఆశ్రయం ఉండాలంది. రాష్ట్రంలో ఆ బాధ్యత పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మాది. 2011 లెక్కల ప్రకారం మార్కాపురం జనాభా 71 వేలు, గిద్దలూరుది అందులో సగం. లక్షను కొలమానం చేసుకున్న నియమానికి ఇలాంటి పట్టణాలు మొదటి మెట్టులోనే అందలేదు. వలస పుట్టే చోటును వదిలేసి, వలస చేరే చోట కప్పు వెయ్యడం ఈ నియమంలోని లోపం.

2011 జనగణన దేశంలో దాదాపు 17.7 లక్షలమంది నిరాశ్రయులను లెక్కించింది. లెక్కింపు ఫిబ్రవరి 28 ఒక్క రాత్రిలో జరిగింది. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అదే పద్ధతి పాటిస్తే, మిరప కోతలు ముమ్మరంగా ఉండే ఆ రోజుల్లో పశ్చిమ ప్రకాశం కూలీలు చాలామంది ఊళ్ళో ఉండరు. ఎన్యుమరేటర్లు పల్నాడు చేల గట్ల దాకా వెళ్తే తప్ప వాళ్ళు లెక్కకెక్కరు.