పత్తర్‌గట్టి కమాన్లు, నాలుగు వేల లైన్ల క్లాసు

మొన్న శనివారం అమ్మకి ముత్యాలు కొందామని పత్తర్‌గట్టి వెళ్ళాం. బేరాలు నాకు చేతకావు కాబట్టి ఆ పని అమ్మకొదిలేసి, రోడ్డు మీద నిలబడి కమాన్లు చూస్తూ కూర్చున్నా. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి బజారు ఇది. బయట వరసగా ఒకే తీరు కమాన్లు. లోపల ఒకాయన అత్తరు అమ్ముతాడు, ఇంకొకాయన పెళ్ళిబట్టలు. తన కొట్లో అరలు ఎలా మార్చుకున్నా పక్కవాడికి పట్టదు.

నాకేమో ముందురోజు ఆఫీసులో జరిగింది గుర్తొచ్చింది. నాలుగు వేల లైన్ల క్లాసొకటి ఉంది మా దగ్గర. అందులో ఒక్క వేరియబుల్ మారిస్తే, ఏ సంబంధమూ లేని బిల్లింగ్ రిపోర్టు పడిపోయింది. ఆబ్జెక్టులు వాడితే గందరగోళం తగ్గుతుందని కదా కాలేజీలో చెప్పారు, మరి ఇదేంటి?

అసలు కథ నార్వేలో మొదలైంది. ఓస్లోలోని నార్వీజియన్ కంప్యూటింగ్ సెంటర్లో క్రిస్టెన్ నైగార్డ్, ఓలె-యోహాన్ డాల్ 1960లలో సిమ్యులా అనే భాష తయారుచేశారు. వాళ్ళ గొడవంతా క్యూలతోనే. వంతెన దగ్గర టోల్‌గేటు ముందు లారీలు, బస్సులు ఒకే వరసలో ఉంటే ప్రోగ్రాములో ఎలా రాయాలి? ఏది లారీయో ఏది బస్సో వరసకి అనవసరం. ఉమ్మడి సంగతులు ఒకసారి రాసి, తేడాలు విడిగా చేర్చుకుంటే చాలు. సిమ్యులా 67లో క్లాసు, సబ్‌క్లాసు అలా వచ్చాయి. ఇంటర్వ్యూల కోసం మనం బట్టీపట్టే ఇన్‌హెరిటెన్సు ఇదే!

తమాషా ఏంటంటే, ఆ మొదటి సిమ్యులాలో క్లాసుకి తలుపు లేదు. లోపలి డేటాలో ఎవరైనా చెయ్యి పెట్టొచ్చు. దాచుకునే వీలు 1970లలో చేర్చారు.

బ్యార్నె స్ట్రౌస్ట్రుప్ కేంబ్రిడ్జిలో పరిశోధన చేసేటప్పుడు సిమ్యులా వాడాడు. ఆలోచించడానికి హాయిగా ఉంది కానీ ప్రోగ్రాము నత్తనడక. చివరికి బీసీపీఎల్‌లో తిరగరాసుకోవాల్సి వచ్చింది. ఆ అనుభవంతోనే 1979లో బెల్ ల్యాబ్స్‌లో 'సీ విత్ క్లాసెస్' మొదలెట్టాడు. 1983లో దానికి సీ ప్లస్ ప్లస్ అని పేరొచ్చింది. పబ్లిక్, ప్రైవేట్ అన్న గీత అందులో తొలినాళ్ళ నుంచే ఉంది.

అంటే భాష తలుపు ఇస్తుంది, గడియ మనమే పెట్టుకోవాలి. మా క్లాసులో అన్నీ ప్రైవేట్ వేరియబుల్సే, కానీ ప్రతిదానికీ ఒక గెట్టరు, ఒక సెట్టరు. తాళం వేసి, చెవి గుమ్మానికే తగిలించినట్టు! తప్పు భాషది అనలేను. ఆ సెట్టర్లలో సగం నేను రాసినవే.

ఈ వారం వాటిని ఒక్కొక్కటే తీసేస్తున్నా. మీ కొట్టు తాళంచెవి ఎక్కడుందో ఓసారి చూసుకోండి మరి.